హెచ్‌ఎస్‌సీ ఇంగ్లీషు, లీగల్ స్టడీస్: అధ్యయన నోట్సు, వ్యాసాలు

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో బడి చదువు చివర రాసే పబ్లిక్ పరీక్ష పేరు హయ్యర్ స్కూల్ సర్టిఫికెట్. వాడుకలో హెచ్‌ఎస్‌సీ అంటారు. మన ఇంటర్మీడియట్‌కు సాటివచ్చే 11, 12 తరగతుల దశ ఇది. ఈ పరీక్షకు ఇంగ్లీషు, లీగల్ స్టడీస్ సబ్జెక్టుల్లో విద్యార్థులు తయారుచేసుకునే పాఠ్యసంగ్రహాలు, ఉదాహరణల పట్టికలు, చట్టాల జాబితాలు, కేసుల సారాంశాలు, నమూనా వ్యాసాలు అన్నీ కలిపి అధ్యయన నోట్సు కిందికి వస్తాయి.

ఈ రెండు సబ్జెక్టులనూ జంటగా చూడటానికి కారణం వ్యాసానికి వాటిలో ఉన్న బరువు. ఇంగ్లీషు అడ్వాన్స్‌డ్ కోర్సులో 100 మార్కులకు 80, లీగల్ స్టడీస్‌లో 100కు 65 దీర్ఘ రచనలకే పోతాయి. రెండింటికీ నోట్సు రాసుకునే తీరు పైకి ఒకటిగానే కనిపిస్తుంది. అయితే ఇంగ్లీషు నోట్సుకు గండం ప్రశ్నపత్రం నుంచి వస్తుంది, లీగల్ స్టడీస్ నోట్సుకు పార్లమెంటు నుంచి వస్తుంది. మొదటిది ప్రశ్న మారితే అక్కరకు రాదు, రెండోది చట్టం మారితే తప్పవుతుంది. ఒకరు రాసిన నోట్సు మరొకరికి ఎంతవరకు పనికొస్తుందన్నది చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

హెచ్‌ఎస్‌సీకి ముందు రాష్ట్రంలో లీవింగ్ సర్టిఫికెట్ అనే పరీక్ష ఉండేది. విద్యాశాఖ డైరెక్టర్ జనరల్ హెరాల్డ్ వైండం అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1957లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1961లో పబ్లిక్ ఎడ్యుకేషన్ చట్టం వచ్చింది. 1962 నుంచి ఉన్నత పాఠశాల చదువు ఆరేళ్లయింది. ఆ విధానంలో చేరిన తొలి విద్యార్థులు 1967లో మొదటి హెచ్‌ఎస్‌సీ రాశారు.

నోట్సు స్వరూపాన్ని మార్చింది 2001 నాటి సంస్కరణ. బారీ మెక్‌గా 1997లో ఇచ్చిన సమీక్షా నివేదికను అనుసరించి ఆ ఏడాది నుంచి మార్కులను ప్రమాణాలతో ముడిపెట్టారు. తోటివారితో పోలిక పక్కకుపోయింది. విద్యార్థి ఏ స్థాయి జ్ఞానం, నైపుణ్యం చూపాడో దాన్నిబట్టి బ్యాండ్ ఇస్తారు. రెండు యూనిట్ల కోర్సులో 90 నుంచి 100 వరకు వస్తే బ్యాండ్ 6, అన్నిటికన్నా పై మెట్టు. దీంతో సిలబస్‌లోని ప్రతి అంశం, ప్రతి మాడ్యూల్ వివరణ, మార్కులు వేసే సూచనలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. అంతకుముందు నోట్సు పుస్తకాన్ని అనుసరించి నడిచేది. ఆ తరవాత సిలబస్ వాక్యాలను అనుసరించి నడవడం మొదలైంది.

ఇంగ్లీషులో 2001 నుంచి 2018 వరకు ఏరియా ఆఫ్ స్టడీ అనే ఉమ్మడి భాగం ఉండేది. మొదట మార్పు, తరవాత ప్రయాణాలు, 2009 నుంచి బంధం లేదా తనదనే భావన, 2015 నుంచి ఆవిష్కరణ దాని ఇతివృత్తాలు. నిర్ణీత పాఠ్యంతోపాటు విద్యార్థి సొంతంగా ఎంచుకున్న మరో రచననూ పరీక్షలో చర్చించాల్సి వచ్చేది. ఒకే కథనో సినిమానో విశ్లేషించిన నోట్సు ఏళ్ల తరబడి చేతులు మారింది. 2019లో కొత్త సిలబస్‌తో తొలి పరీక్ష జరిగింది. ఏరియా ఆఫ్ స్టడీ స్థానంలో రచనలు, మానవ అనుభవాలు అనే కామన్ మాడ్యూల్ వచ్చింది. సొంతంగా ఎంచుకునే రచన రాతపరీక్షలోంచి తప్పుకుని బడిలోని మదింపుకు పరిమితమైంది.

నిర్వహణ సంస్థ పేరు కూడా మారుతూ వచ్చింది. 1990లో బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఏర్పడింది. 2014లో అది బోస్టెస్ అనే సంస్థలో కలిసింది. 2017 నుంచి ఆ బాధ్యతలు న్యూ సౌత్ వేల్స్ ఎడ్యుకేషన్ స్టాండర్డ్స్ అథారిటీవి. దీన్ని క్లుప్తంగా నెసా అంటారు. పాత నోట్సు మీద ఏ సంస్థ పేరు ఉందో చూస్తే అది ఏ సిలబస్ కాలానిదో ఇట్టే తెలుస్తుంది.

పరీక్ష స్వరూపం

ఇంగ్లీషు అందరికీ తప్పనిసరి. విశ్వవిద్యాలయ ప్రవేశానికి లెక్కించే ఏటార్ ర్యాంకులో ఇంగ్లీషు రెండు యూనిట్లయినా కలవాల్సిందే. ఎక్కువ మంది స్టాండర్డ్, అడ్వాన్స్‌డ్ కోర్సుల్లో ఒకటి తీసుకుంటారు. అడ్వాన్స్‌డ్ తీసుకున్నవారు ఎక్స్‌టెన్షన్ కోర్సులు కూడా చేయవచ్చు.

మొదటి పేపరు గంటన్నర రాసేది, దానికి ముందు చదువుకోవడానికి పది నిమిషాలు. 40 మార్కుల్లో సగం విద్యార్థి అంతకుముందు చూడని రచనలపై చిన్న ప్రశ్నలకు, సగం కామన్ మాడ్యూల్ వ్యాసానికి. రెండో పేపరు రెండు గంటలు, 60 మార్కులు. ఏ, బీ, సీ మాడ్యూళ్లకు తలా ఇరవై. అడ్వాన్స్‌డ్‌లో మాడ్యూల్ ఏ రెండు రచనల మధ్య సంభాషణను పరిశీలిస్తుంది. షేక్‌స్పియర్ ‘ద టెంపెస్ట్’, దాన్ని తిరిగి ఊహించి మార్గరెట్ ఆట్‌వుడ్ రాసిన ‘హాగ్-సీడ్’ అలాంటి జంట. మాడ్యూల్ బీ ఒకే రచనను లోతుగా చదివిస్తుంది. మాడ్యూల్ సీ విద్యార్థి చేతే రచన చేయిస్తుంది. అంటే ఒక్కో వ్యాసానికి దాదాపు నలభై నిమిషాలు దొరుకుతాయి.

లీగల్ స్టడీస్ ఐచ్ఛికం. పరీక్ష మూడు గంటలు, 100 మార్కులు. 12వ తరగతిలో నేరం అనే భాగానికి 30 శాతం, మానవ హక్కులకు 20 శాతం. మిగిలిన సగం రెండు ఐచ్ఛికాంశాలది. వినియోగదారులు, ప్రపంచ పర్యావరణ రక్షణ, కుటుంబం, ఆదివాసీ ప్రజలు, నివాసం, పని ప్రదేశం, ప్రపంచ వ్యవస్థ అనే ఏడింటిలోంచి రెండు ఎంచుకోవాలి. ప్రశ్నపత్రంలో 20 బహుళైచ్ఛిక ప్రశ్నలు, మానవ హక్కులపై 15 మార్కుల చిన్న ప్రశ్నలు, నేరంపై 15 మార్కుల వ్యాసం, ఐచ్ఛికాంశాలపై 25 మార్కుల వ్యాసాలు రెండు ఉంటాయి. నేరంపై వ్యాసం సుమారు 600 పదాలు, ఐచ్ఛికాంశాలవి సుమారు 1000 పదాలు ఉండాలని అంచనా.

పబ్లిక్ పరీక్ష మార్కులతో పాటు బడిలో ఏడాది పొడుగునా జరిగే మదింపూ తుది ఫలితంలో సగం లెక్కకు వస్తుంది. కాబట్టి నోట్సు పరీక్షల ముందు నెల రోజులకే పరిమితమైన వ్యవహారం కాదు.

ఇంగ్లీషు నోట్సు

ఇంగ్లీషు నోట్సులో అడుగున ఉండే పొర మాడ్యూల్ వివరణ. ప్రతి మాడ్యూల్‌కూ సిలబస్‌లో కొన్ని పేరాల ప్రకటన ఉంటుంది. విద్యార్థులు దీన్ని రుబ్రిక్ అంటారు. కామన్ మాడ్యూల్ రుబ్రిక్‌లో వ్యక్తిగత, సామూహిక అనుభవాలు, మనిషి ప్రవర్తనలోని వైరుధ్యాలు, అసంగతులు వంటి మాటలు వస్తాయి. ప్రశ్నలు తయారయ్యేది ఈ మాటల్లోంచే. కథాసారాంశంతో మొదలయ్యే నోట్సు కన్నా రుబ్రిక్‌తో మొదలయ్యే నోట్సు ఎక్కువ ఉపయోగపడటానికి కారణం అదే.

దాని మీద సందర్భం పొర. రచయిత ఏ కాలంలో, ఏ పరిస్థితుల్లో రాశాడన్నది ఇందులో ఉంటుంది. దీన్ని అవసరానికి మించి పెంచడం మామూలుగా జరిగే పొరపాటు. జార్జ్ ఆర్వెల్ జీవితచరిత్ర రెండు పేజీలు రాసుకున్నా వ్యాసంలో రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు.

మూడో పొర విశ్లేషణ పట్టిక. పరీక్ష దృష్టితో నోట్సులో విలువైన భాగం ఇదే. ఒక నిలువు వరసలో రచనలోని ఉదాహరణ, పక్కన రచయిత వాడిన పద్ధతి, ఆ పక్కన దాని ప్రభావం, చివర అది రుబ్రిక్‌లోని ఏ భావనకు చెందుతుందో రాస్తారు. ఆర్వెల్ నవల ‘1984’ నుంచి ఒక్క వరస చూద్దాం.

నవల మొదట్లో విన్‌స్టన్ స్మిత్ డైరీ తెరుస్తాడు. పాత సామాన్ల దుకాణంలో కొన్న, నున్నని పాలమీగడ రంగు కాగితాల పుస్తకం అది. గదిలోని టెలిస్క్రీన్ కంటపడకుండా ఒక మూలన కూర్చుని, అప్పటికే వాడుక తప్పిన సిరాకలంతో 1984 ఏప్రిల్ 4 అని తేదీ వేస్తాడు. వేశాక, అది నిజంగా 1984వ సంవత్సరమేనా అన్నది తనకే రూఢిగా తెలియదని గుర్తిస్తాడు.

పట్టికలో ఇది నాలుగు ముక్కలవుతుంది. ఉదాహరణ, డైరీలో తేదీ వేసే ఘట్టం. పద్ధతి, వస్తువుల ప్రతీకాత్మకత. దానితోపాటు ఖచ్చితమైన తేదీ వేసిన వెంటనే దాన్ని సందేహంలో పడేసే కథనం. ప్రభావం, రాజ్యం జ్ఞాపకాన్ని కూడా స్వాధీనం చేసుకుందన్న భయం పాఠకుడిలో కలగడం. భావన, సామూహిక అణచివేత నడుమ వ్యక్తిగత అనుభవం.

ప్రశ్న సామూహిక అనుభవం గురించి వస్తే ఈ వరస యథాతథంగా సరిపోతుంది. మనిషి ప్రవర్తనలోని వైరుధ్యం గురించి వస్తే నాలుగో గడి పనికిరాదు, మూడోది సగం పనికొస్తుంది. అప్పుడు చెప్పాల్సింది వేరు. పట్టుబడితే ప్రాణం పోతుందని తెలిసీ, చదివేవాడెవడో తెలియకపోయినా విన్‌స్టన్ ఎందుకు రాస్తున్నాడు? ఉదాహరణ అదే, వాదం మారింది. మంచి పట్టికలో చివరి గడిని ఖాళీగానో, రెండు మూడు ప్రత్యామ్నాయాలతోనో ఉంచుకోవాలని అనుభవం ఉన్న టీచర్లు చెప్పేది ఇందుకే.

నాలుగో పొర ఉల్లేఖనాల జాబితా. పరీక్ష హాల్లోకి పుస్తకం తీసుకుపోనివ్వరు కాబట్టి కొన్నిటిని కంఠతా పట్టక తప్పదు. పొడుగాటి వాటి కన్నా మూడు నాలుగు మాటలవి మేలు, వాక్యంలో ఇమిడిపోతాయి. కవిత్వానికి ఇది మరింత వర్తిస్తుంది. మాడ్యూల్ బీలో టి.ఎస్. ఎలియట్ కవితలు చదివేవారు ప్రశ్న ఏ కవితను పేరు పెట్టి అడిగినా సిద్ధంగా ఉండాలి, అందుకని ప్రతి కవితకూ విడి జాబితా ఉంచుకుంటారు.

చూడని రచనల విభాగానికి నోట్సు పెద్దగా ఉండదు. సాహిత్య పద్ధతుల పేర్లు, పాత ప్రశ్నపత్రాల సాధన, అంతే.

లీగల్ స్టడీస్ నోట్సు

ఈ సబ్జెక్టులో నోట్సు సిలబస్‌లోని అంశాల వరసలోనే సాగుతుంది. నేరం భాగంలో నేర స్వభావం, దర్యాప్తు, విచారణ, శిక్ష, బాల నేరస్థులు, అంతర్జాతీయ నేరం ఆ క్రమంలో వస్తాయి. ప్రతి అంశం కిందా చట్టం, కేసు, పత్రికా వార్త, అంతర్జాతీయ ఒప్పందం, అధికారిక నివేదిక అనే ఐదు రకాల ఆధారాలను చేరుస్తారు. ఇంగ్లీషు మొదటి అక్షరాలతో విద్యార్థులు దీన్ని ఎల్‌సీఎంఐడీ అని గుర్తుపెట్టుకుంటారు.

నిర్వచనాలు మటుకు స్థిరంగానే ఉంటాయి. దోషపూరిత చర్య, దోషపూరిత మనస్సు, సహేతుకమైన సందేహానికి తావులేని రుజువు వంటివి తరాలు మారినా మారవు. లోకల్ కోర్టు, డిస్ట్రిక్ట్ కోర్టు, సుప్రీంకోర్టు, వాటిపైన హైకోర్ట్ ఆఫ్ ఆస్ట్రేలియా అన్న అంతస్తులూ అంతే. తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక తికమక ఉంది. అక్కడ సుప్రీంకోర్టు రాష్ట్రానిది, హైకోర్టు దేశానికి అత్యున్నత న్యాయస్థానం.

ఆధారాల సంగతి వేరు. దర్యాప్తు కోసం అరెస్టయిన వ్యక్తిని పోలీసులు మొదటి దశలో ఎంతసేపు ఉంచుకోవచ్చన్నది 2002 నాటి లా ఎన్‌ఫోర్స్‌మెంట్ చట్టంలో ఉంది. విద్యార్థులు దీన్ని లెప్రా అంటారు. ఆ వ్యవధి పూర్వం నాలుగు గంటలు. 2016లో ఆరు గంటలైంది. నాలుగు గంటలని రాసిన నోట్సు ఆ తరవాత కూడా ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. బెయిల్ సంగతీ ఇంతే. 1978 నాటి చట్టం స్థానంలో 2013 చట్టం వచ్చి, 2014 మే నుంచి అమలైంది. ఏడాది తిరక్కుండానే కొన్ని తీవ్ర నేరాల్లో బెయిల్ ఎందుకివ్వాలో నిందితుడే చూపించాలన్న నియమం చేరింది. లైంగిక సమ్మతి చట్టం 2022 జూన్ 1 నుంచి మారింది. జీవిత భాగస్వామిపై బలవంతపు నియంత్రణ 2024 జూలై 1 నుంచి విడి నేరమైంది.

కుటుంబం అనే ఐచ్ఛికాంశంలో ఒక్క సవరణ పాత వ్యాసాలను దాదాపు మొత్తంగా తిరగరాయించింది. 1975 కుటుంబ చట్టంలోకి 2006లో ఒక భావన ప్రవేశించింది. విడిపోయిన తల్లిదండ్రులిద్దరికీ బిడ్డ విషయంలో సమాన బాధ్యత ఉండటమే మంచిదని కోర్టు ముందుగానే భావించి మొదలుపెట్టాలన్నది అది. గృహహింస ఉన్న ఇళ్లలో ఇది పిల్లలకు ముప్పు తెస్తోందన్న విమర్శ చాలా కాలం నడిచింది. 2023లో చేసిన సవరణ ఆ భావనను తొలగించింది, 2024 మే 6 నుంచి అది అమల్లో ఉంది. అంతకుముందు రాసిన నమూనా వ్యాసంలో ఆ నియమం మీద చేసిన విమర్శ ఎంత బాగున్నా, ఇప్పుడు అది చరిత్ర కింద వాడుకోవాల్సిందే. దాన్ని నేటి చట్టమని రాస్తే మార్కులు పోతాయి.

బాల నేరస్థుల అంశంలో పాఠం మరీ స్పష్టం. న్యూ సౌత్ వేల్స్‌లో నేరబాధ్యతకు కనీస వయసు పదేళ్లు. 1989 బాలల హక్కుల ఒప్పందానికి చెందిన ఐరాస కమిటీ దాన్ని కనీసం పద్నాలుగుకు పెంచమంటోంది. ఈ చర్చలో ఇతర ప్రాంతాల ఉదాహరణ ఇవ్వడం వ్యాసానికి బలం. నార్తర్న్ టెరిటరీ 2023లో ఆ వయసును పన్నెండుకు పెంచింది, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పదికి దించింది. పెంచిన సంగతి ఒక్కటే ఉన్న నోట్సు ఏడాదికే పాతబడింది.

కేసులకు వయసు సమస్య తక్కువ. అక్కడ వచ్చే తప్పు వేరు, తీర్పును ఒక్క వాక్యంలోకి కుదించే తొందరలో అర్థం మారిపోతుంది. అందుకు మచ్చుతునక డీట్రిచ్ కేసు. విక్టోరియాలో మాదకద్రవ్యాల దిగుమతి కేసులో నిందితుడు లాయరు లేకుండానే విచారణ ఎదుర్కొని శిక్షకు గురయ్యాడు. హైకోర్టు 1992లో ఆ విచారణ న్యాయంగా జరగలేదని తేల్చింది. దీన్ని చాలా నోట్సుల్లో ‘డీట్రిచ్ తీర్పు నిందితుడికి లాయరు హక్కు ఇచ్చింది’ అని ముగిస్తారు. కోర్టు చెప్పింది అది కాదు. ప్రభుత్వ ఖర్చుతో లాయరు పొందే సంపూర్ణ హక్కు లేదంది. తీవ్రమైన నేరంలో పేద నిందితుడికి తన తప్పేమీ లేకుండానే లాయరు దొరకకపోతే, న్యాయమైన విచారణ సాధ్యం కానప్పుడు దాన్ని నిలిపివేయాలంది. నేరం మీద వ్యాసంలో హక్కుల రక్షణ ఎంత సమర్థమో అంచనా వేయమన్నప్పుడు ఈ తేడాయే వాదానికి ప్రాణం. లీగల్ ఎయిడ్‌కు నిధులు చాలనప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది.

మానవ హక్కుల భాగంలో 1948 సార్వజనీన ప్రకటన, 1966 నాటి రెండు అంతర్జాతీయ ఒప్పందాలు పునాది. ఆస్ట్రేలియాలో జాతీయ స్థాయి హక్కుల చట్టం లేదు. రాజధాని ప్రాంతం 2004లో, విక్టోరియా 2006లో, క్వీన్స్‌లాండ్ 2019లో తమ తమ చట్టాలు చేసుకున్నాయి. మాబో తీర్పు చాలా నోట్సుల్లో తారసపడుతుంది. ఎవరికీ చెందని భూమి అన్న భావనను 1992లో హైకోర్టు తోసిపుచ్చి, ఆదివాసీల భూమి హక్కును గుర్తించిన తీర్పు అది.

వ్యాస నిర్మాణం

ప్రశ్నలోని క్రియాపదం వ్యాసానికి దారి చూపుతుంది. నెసా ఈ క్రియలకు అర్థాలిచ్చి ఒక పదకోశం ప్రచురించింది. వివరించమంటే కారణాన్నీ పర్యవసానాన్నీ కలపాలి. చర్చించమంటే అటూ ఇటూ ఉన్న వాదాలు చూపాలి. అంచనా వేయమంటే విలువ కట్టి తీర్పు చెప్పాలి. లీగల్ స్టడీస్‌లో 25 మార్కుల ప్రశ్నల్లో అంచనా వేయమన్నవి ఎక్కువ. అక్కడ చట్టాన్ని వర్ణించి ఊరుకున్న వ్యాసం, ఎన్ని సెక్షన్లు ఉటంకించినా, పై బ్యాండ్‌కు చేరదు.

అంచనాకు కొలబద్దలూ ఉన్నాయి. చట్టం వనరులను సరిగా వాడుతోందా, జనానికి అందుబాటులో ఉందా, అమలు చేయగలిగిందా, మార్పుకు స్పందిస్తోందా, వ్యక్తి హక్కులను కాపాడుతోందా, సమాజ అవసరం తీరుస్తోందా, చివరకు న్యాయం జరిగిందా అన్నవి. అన్నిటినీ ఒకే వ్యాసంలో దూర్చకుండా రెండు మూడు పట్టుకుని చివరిదాకా నడిపించినవారే ఎక్కువ మార్కులు తెచ్చుకుంటారు.

ఇంగ్లీషులో క్రియతో పాటు ప్రశ్నలో ఒక అభిప్రాయమో, ఉటంకింపో ఇచ్చి ఎంతవరకు ఒప్పుకుంటావని అడగడం మామూలు. జవాబు మొదటి వాక్యంలోనే ఉండాలి. దాన్ని థీసిస్ అంటారు. ఆ తరవాతి పేరాల్లో ఒక్కో మెట్టూ థీసిస్‌ను ముందుకు జరపాలి. పేరాకు ఒక వాదవాక్యం, వివరణ, ఆధారం, థీసిస్‌తో లంకె అనే క్రమాన్ని టీల్ అని బడుల్లో నేర్పుతారు. మొదలుపెట్టేవారికి ఇది మంచి ఊతకర్ర. చివరి ఏడాది కూడా దాన్నే పట్టుకుని నడిస్తే ప్రతి పేరా ఒకేలా వినిపిస్తుంది, వాదం ఎదగదు.

లీగల్ వ్యాసంలో మాట అందంగా ఉండనక్కర్లేదు. చట్టం పేరు, సంవత్సరం, అది రాష్ట్రానిదా కేంద్రానిదా అన్నది, కేసు పేరు, తీర్పు సారం సూటిగా ఉండాలి. ఇంగ్లీషు వ్యాసంలో వాక్యం కూడా మూల్యాంకనంలో భాగమే.

ముందే రాసుకున్న వ్యాసం

నోట్సు మీద నడిచే వివాదాల్లో పెద్దది ఇదే. నలభై నిమిషాల్లో ఆలోచించి, ఉదాహరణలు ఏరుకుని, వెయ్యి పదాలు చేత్తో రాయడం కష్టం. అందుకని విద్యార్థులు మాడ్యూల్‌కొక వ్యాసం ముందే రాసుకుని, టీచరు చేత దిద్దించుకుని, ముక్కున పట్టి, హాల్లో ప్రశ్నకు తగ్గట్టు అక్కడక్కడా మార్చి దించుతారు. ట్యూషన్ కేంద్రాలు దీన్నే ఒక పద్ధతిగా నేర్పుతాయి.

ఈ పద్ధతిని సమర్థించేవారి వాదంలో బలం లేకపోలేదు. ఒక వ్యాసాన్ని అయిదారుసార్లు దిద్దడంలోనే విద్యార్థి రచనను లోతుగా అర్థం చేసుకుంటాడు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని పిల్లలకు ముందస్తు తయారీ లేకుండా పోటీ సమంగా ఉండదు. వ్యతిరేకించేవారు చెప్పేదీ నిజమే. ప్రశ్నను పక్కనపెట్టి తెచ్చుకున్న జవాబును కుమ్మరించిన వ్యాసం ఎన్ని అలంకారాలున్నా డొల్లగా ఉంటుంది. పేపరు దిద్దినవారు ఏటా ఇచ్చే అభిప్రాయాల్లో అడిగిన ప్రశ్నకే జవాబు రాయమన్న హెచ్చరిక తప్పకుండా ఉంటుంది.

2019 నుంచి ప్రశ్నపత్రాలే ఈ అలవాటును వదిలించే వైపు జరిగాయి. రుబ్రిక్‌లోని ఒక్క పార్శ్వాన్నే పట్టుకుని అడగడం, రచనలోని ఒక భాగాన్నో ఒక కవితనో పేరు పెట్టి అడగడం, మాడ్యూల్ సీలో రచనతోపాటు ఎందుకు అలా రాశావో వివరించమనడం అందులోవే. ఇలాంటి ప్రశ్న ఎదురైతే మొత్తం వ్యాసం బట్టీ పట్టినవాడి కన్నా, విడివిడి ఉదాహరణలు చేతిలో ఉన్నవాడు తేలిగ్గా గట్టెక్కుతాడు. పైన చూసిన ‘1984’ పట్టిక వరసలో జరిగింది అదే.

బడిలోని మదింపులోనూ ఈ దిశగానే మార్పు వచ్చింది. 12వ తరగతి ఇంగ్లీషులో బడి పెట్టగల మదింపులు నాలుగింటికి పరిమితం. వాటిలో అధికారిక రాతపరీక్ష ఒక్కటే ఉండవచ్చు, మాటనూ దృశ్యాన్నీ కలిపిన ప్రదర్శన ఒకటి తప్పనిసరి.

వనరులు

పాఠ్యపుస్తకాల్లో లీగల్ స్టడీస్‌కు కేంబ్రిడ్జ్ స్టేజ్ 6 పుస్తకం, గైడుల్లో పాస్కల్ ప్రెస్ వారి ఎక్సెల్ వరస ఎక్కువ మంది చేతుల్లో కనిపిస్తాయి. పాత ప్రశ్నపత్రాలు, మార్కుల సూచనలు, కొన్ని నమూనా జవాబులు నెసా ఉచితంగా ఇస్తుంది. నోట్సుకన్నా ముందు వీటినే చూడాలన్నది టీచర్ల మాట.

చట్టానికి మూలాధారాల్లో ముఖ్యమైనది ఆస్ట్‌లీ. సిడ్నీలోని యూటీఎస్, న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయాల న్యాయ విభాగాలు కలిసి 1995లో ప్రారంభించిన ఉచిత న్యాయ సమాచార కేంద్రం ఇది. చట్టం పూర్తి పాఠం, తీర్పు పూర్తి పాఠం అక్కడే దొరుకుతాయి. నేర గణాంకాలకు 1969లో ఏర్పడిన రాష్ట్ర నేర గణాంక పరిశోధన సంస్థ ఉంది, దాన్ని బోక్సార్ అంటారు. స్టేట్ లైబ్రరీ న్యాయ సమాచార విభాగం ప్రచురించిన ‘హాట్ టాపిక్స్’ పుస్తికలు ఒక్కో అంశాన్ని సులభమైన భాషలో వివరిస్తాయి. పాత వ్యాసంలో ఒక సెక్షన్ కనిపించినప్పుడు ఆస్ట్‌లీలో ఇప్పటి పాఠంతో సరిచూసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. లెప్రా గంటల వంటి తప్పులు అక్కడే పట్టుబడతాయి.

పరీక్షలు ముగించుకుని వెళ్లినవారి నోట్సు పెద్ద ఎత్తున చేతులు మారుతుంది. కొంత ఉచితంగా, కొంత డబ్బుకు. మంచి ర్యాంకు వచ్చినవారి నోట్సుకు గిరాకీ ఎక్కువ. కొనేవారు గమనించని సంగతి ఒకటుంది. ఆ ర్యాంకు తెచ్చింది ఆ నోట్సు రాసుకునే క్రమంలో జరిగిన చదువు. ఆ చదువు అమ్మకంలో రాదు, మిగిలిన కాగితాలే వస్తాయి.

నియమాలు, నిజాయితీ

11, 12 తరగతుల కోర్సుల్లో చేరేముందు విద్యార్థులు ‘ఆల్ మై ఓన్ వర్క్’ అనే కార్యక్రమం పూర్తి చేయాలి. ఇతరుల రచనను ఎలా పేర్కొనాలి, కలిసి చదవడానికీ కాపీకీ హద్దు ఎక్కడ, కాపీరైటు అంటే ఏమిటన్నవి దాంట్లో ఉంటాయి. ఇతరుల వ్యాసాన్ని బడి మదింపులో తనదిగా ఇవ్వడం దుష్ప్రవర్తన కిందికి వస్తుంది, మార్కులు సున్నా కావచ్చు. కృత్రిమ మేధ రాసిచ్చిన పాఠాన్ని చెప్పకుండా వాడటమూ ఇదే కోవలోది.

నోట్సు చదవడం తప్పు కాదు. స్నేహితులు నోట్సులు మార్చుకోవడమూ తప్పు కాదు. తన పేరుతో సమర్పించే చోటే నియమం వర్తిస్తుంది. నోట్సు రాసినవారికి దానిపై కాపీరైటు ఉంటుంది కాబట్టి, ఇచ్చినవారి అనుమతి లేకుండా అమ్ముకోవడం వేరే చిక్కు.

తెలుగు కుటుంబాలు, ఈ పరీక్ష

2021 జనగణన ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 59 వేలకు పైగా ఉన్నారు. సిడ్నీ పశ్చిమ శివార్లలో స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు ఏటా హెచ్‌ఎస్‌సీ రాస్తున్నారు. వారిలో కొందరు హైదరాబాదులోనో విజయవాడలోనో కొన్ని తరగతులు చదివి మధ్యలో వెళ్లినవారు.

ఇంగ్లీషు అదనపు భాషగా ఉన్నవారికి ఈఏఎల్‌డీ అనే విడి కోర్సు ఉంది. 11వ తరగతికి ముందు ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన కాలం అయిదేళ్లు మించకూడదన్నది దాని నియమం. మన ఊళ్లలో ఇంగ్లీషు మీడియంలో చదివి వెళ్లిన పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడినా సాధారణంగా దీనికి అర్హులు కారు, స్టాండర్డ్‌గానీ అడ్వాన్స్‌డ్‌గానీ రాయాలి.

ఇంటర్మీడియట్ ఇంగ్లీషులో పాఠాల మీద వచ్చే ప్రశ్నలు చాలావరకు ముందే ఊహించగలిగినవి, గైడులోని జవాబు నేర్చుకుంటే గట్టెక్కవచ్చు. ఆ అలవాటుతో వెళ్లిన పిల్లలకు, ఇచ్చిన అభిప్రాయాన్ని ఒప్పుకో లేదా విభేదించు, కారణం చెప్పు అనే ప్రశ్న కొత్త. అందుకే తల్లిదండ్రులు మొదట వెతికేది నమూనా వ్యాసాల కోసం. లీగల్ స్టడీస్‌కు మన దగ్గర దగ్గరి పోలిక సీబీఎస్‌ఈ 11, 12 తరగతుల్లోని అదే పేరుగల ఐచ్ఛిక సబ్జెక్టు. ఇంటర్మీడియట్‌లో సివిక్స్ చదివినవారికి రాజ్యాంగం, న్యాయవ్యవస్థ పరిచయం ఉన్నా, కేసును ఆధారంగా పెట్టి చట్టం పనితీరును అంచనా వేసే వ్యాసం రాసే అనుభవం ఉండదు. ఇంగ్లండు నుంచి వచ్చిన కామన్ లా రెండు దేశాలకూ ఉమ్మడి వారసత్వం కావడంతో నేర నిరూపణ ప్రమాణం, పూర్వ తీర్పుల అధికారం వంటి భావనలు మాత్రం ఈ పిల్లలకు త్వరగా పట్టుబడతాయి.